నొప్పి మందు ఇచ్చే చేయి, ఊపిరి లెక్కించే కన్ను

ఈనాడు పట్టాలు అందుకుంటున్న నర్సుల కోసం ఈ ప్రసంగం తన సమయమంతా ఒకే విషయానికి కేటాయిస్తుంది. నల్లమందు నుంచి తీసినవో, దానిలాగే పనిచేసేలా తయారుచేసినవో అయిన నొప్పి మందులను ఓపియాయిడ్లు అంటారు. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ ఈ కోవలోవే. వాటిని వాడే రోగి పక్కన నర్సు చేయవలసిన పనే ఆ విషయం.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతులు పొందడం కష్టమై చాలా ఆసుపత్రులు మార్ఫిన్‌ను దగ్గర ఉంచుకోవడమే మానేశాయి. 2014 సవరణ మార్ఫిన్‌తో పాటు మరికొన్ని మందుల కోసం అత్యావశ్యక మాదక ఔషధాల వర్గాన్ని ఏర్పరచి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు వాటిని తెప్పించుకునే దారి సులువు చేసింది. చట్టం సడలినా వార్డులో వ్యసనమవుతుందన్న భయం సడలలేదు. కొన్ని వారాలు మందు వాడిన శరీరం దానికి అలవాటుపడి, ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు, విరేచనాలతో ఎదురుతిరగడాన్ని శారీరక ఆధారపడటం అంటారు. నొప్పితో పని లేకుండా, హాని కలుగుతున్నా మందు కోసమే వెంపర్లాడటం వ్యసనం. ఈ రెంటికీ తేడా తెలియక, క్యాన్సర్ రోగి నాలుగు గంటలకోసారి వేసుకోవలసిన మార్ఫిన్ మాత్రను "నొప్పి వచ్చినప్పుడు అడగనీ" అని వాయిదా వేయడం వైద్యం అనిపించుకోదు. ఈ మందుల వల్ల వచ్చే మలబద్ధకం మాత్రం ఎన్నాళ్లు వాడినా అలవాటుపడి తగ్గదు కనుక, మొదటి మాత్రతోనే విరేచనకారి మొదలైందా లేదా అని నర్సే చూడాలి, రోగి సిగ్గుపడినా రోజూ అడగాలి.

ఈ మందులు ఊపిరిని మందగింపజేయగలవు కనుక, అన్నిటికంటే బెంగ కలిగించేది కేస్ షీటులోని శ్వాస గడి. మంచం మంచానికీ లెక్కించకుండానే 18, 18, 18 అని ఒకే చేతిరాతతో నిండిన షీటును ఏళ్ల తరబడి చూసిన ఈ వక్తకు, నాలుగేళ్లు నర్సింగ్ చదివిన పిల్లలు ఒక్క నిమిషం మంచం పక్కన నిలబడలేరా అని మందలించక తప్పడం లేదు. తన ఊపిరి లెక్కిస్తున్నారని తెలిస్తే రోగి శ్వాస తీరే మారిపోతుంది కాబట్టి, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, ఛాతీ లేచి పడటాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. సాధారణంగా ఊపిరి మందగించే ముందే మగత ముదురుతుంది. మాట మధ్యలో కళ్లు మూతపడటం, పిలిస్తే పలకడం ఆలస్యం కావడం తొలి హెచ్చరికలు. "ఇన్నాళ్లకు నిద్ర పట్టింది, లేపకండమ్మా" అని కూతురు బతిమాలినప్పుడు ఆమెకు సర్దిచెప్పి, రోగిని తట్టి పలకరించే ధైర్యం నర్సుకు ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ విరిగి ఏర్పడే పదార్థాలు బయటికి పోక పేరుకుంటాయి గనుక, వారి దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

పిలిచినా సరిగా లేవకుండా, శ్వాస నిమిషానికి 8 దగ్గరకు పడిపోతే తర్వాతి మోతాదు ఆపి, డాక్టరును పిలిచి, ఆక్సిజన్ పెట్టి, విరుగుడైన నాలోక్సోన్‌ను సిద్ధం చేయాలి. దీర్ఘకాలంగా మార్ఫిన్ వాడేవారికి ఈ విరుగుడును పలుచన చేసి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు, ఎందుకంటే ఒకేసారి ఇస్తే ఊపిరితో పాటు భరించలేని నొప్పీ తిరిగొస్తుంది. నాలోక్సోన్ ప్రభావం సుమారు గంటలో తగ్గిపోవచ్చు, మార్ఫిన్ ప్రభావం అంతకు మించి నిలుస్తుంది. అందువల్ల కళ్లు తెరిచిన రోగిని చూసి ఊరట చెంది వెళ్లిపోకుండా, ఆ తర్వాతి గంటల్లోనూ ఊపిరి లెక్కిస్తూనే ఉండాలి. డ్యూటీ మారితే నాలోక్సోన్ ఇచ్చిన సమయాన్ని, చివరిగా లెక్కించిన శ్వాసను వచ్చే నర్సుకు మంచం దగ్గరే నిలబడి అప్పగించాలి.