పొగ – ఆవిరి – గుండె
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



పంచభూతలింగములలో వాయులింగమునకు స్థానమైన శ్రీకాళహస్తి ఈ సీమయందే కలదు. వాయువును దైవమని మ్రొక్కిన ప్రాంతమున ఆ వాయువునే పొగతో మలినపఱచి రొమ్మునకు పంపుటయు కనబడుచున్నది. మొదట చుట్టయు, బీడీయు, పిమ్మట సిగరెట్టు, ఇప్పుడు పట్టణములనుండి యువకుల జేబులలో వచ్చుచున్న వేపు గొట్టము, అనగా ఎలక్ట్రానిక్ సిగరెట్టు.

ఇటీవల పఠనమందిరమున ఒక సంభాషణము జరిగెను. 30 సంవత్సరములు బీడీ త్రాగి, గుండెపోటు వచ్చి, ఆసుపత్రినుండి ప్రాణములతో తిరిగివచ్చిన పెద్ద ఒకరు పత్రిక చదువుకొనుచుండిరి. బెంగుళూరున ఉద్యోగము చేయుచున్న ఆయన కుమారుడు జేబులోని గొట్టమును చూపి, "నాయనా, నేను దీనికి మారినా. ఇది పొగ కాదు, ఆవిరి. గుండెకేమీ కాదు" అనెను. తండ్రి పత్రిక మడిచి, "ఏమీ కాదని నీకెవరు చెప్పినార్రా?" అని అడిగెను. కుమారునకు జవాబు తోచలేదు. "మఱి సిగరెట్టు పూర్తిగా మానినావా?" అని తండ్రి మరల అడుగగా, "స్నేహితులతో ఉంటే ఒకటో రెండో" అని తలవంచెను.

ఆ రెండు ప్రశ్నలకును ఉత్తరము వెదకుటయే ఈ ప్రసంగోద్దేశము.

పూర్వులును పొగ త్రాగలేదా యని కొందఱు వాదింతురు. చరకసంహితలో ధూమపానము చెప్పబడిన మాట నిజమే. కాని అది ఔషధమూలికల పొగ, పొగాకు కాదు. పొగాకు అమెరికా ఖండపు మొక్క. 1492 లో కొలంబసు ఆ ప్రాంతమును చేరిన తరువాతనే తక్కిన లోకమునకు దాని సంగతి తెలిసెను. పోర్చుగీసు వర్తకులవలన అది ఈ దేశమునకు వచ్చెను. 1617 లో జహంగీరు పాదుషా దానిని నిషేధించెను గాని నిషేధము నిలువలేదు. ఎలక్ట్రానిక్ సిగరెట్టు మఱింత క్రొత్తది. 2003 ప్రాంతమున చైనాదేశమున హోన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు దానిని రూపొందించెను.

పొగ గుండెను ఎట్లు బాధించును? పొగాకులోని నికోటిను రక్తమున చేరగానే అడ్రినలిను వెలువడును, నాడి వేగము హెచ్చును, రక్తపుపోటు పెరుగును. గుండెకు పని అధికమైనపుడు ప్రాణవాయువును అధికముగా కావలెను. సరిగా ఆ సమయముననే, ఆకు కాలుటవలన పుట్టిన కార్బన్ మోనాక్సైడు రక్తములోని హీమోగ్లోబినును ఆక్రమించును. దాని పట్టు ప్రాణవాయువు పట్టుకంటె 200 రెట్లకు మించి గట్టిది. బండికి బరువు పెంచి ఎద్దునకు మేత తగ్గించిన ఏమగునో రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇది చాలదన్నట్లు పొగలోని సూక్ష్మరేణువులును, ఘాటైన వాయువులును రక్తనాళముల లోపలి పొరను చెఱచి, రక్తము గడ్డకట్టు స్వభావమును పెంచును. గుండెపోటును, పక్షవాతమును వచ్చు మార్గమిదియే. బీడీ చిన్నది కావున హానియు చిన్నదే యనుట పొరపాటు. అది ఆరిపోకుండుటకై మాటిమాటికి గట్టిగా పీల్చవలసియుండును.

ఒకటో రెండో అను మాటకు లెక్క చూడవలెను. రోజునకు 20 త్రాగిన హాని ఇరువది పాళ్ళయినచో, ఒకటి త్రాగిన ఒక పాలే గదా యని త్రైరాశికము చెప్పును. గుండె త్రైరాశికమునకు లోబడదు. అనేక పరిశోధనలను కూర్చి 2018 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన వ్యాసము ప్రకారము, 20 త్రాగువానికి కలుగు అదనపు గుండెజబ్బు ముప్పులో ఇంచుమించు సగము, రోజునకు ఒక్కటి త్రాగువానికే కలుగును.

ఇక ఆవిరి. గొట్టములోని బ్యాటరీ ఒక తీగెను వేడిచేయును. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిను, వాసనద్రవ్యములు, తఱచుగా నికోటిను కలిసిన ద్రవము ఆ వేడికి ఆవిరి వలె వెలువడును. ఆకు కాలదు కావున తారు ఉండదు. కార్బన్ మోనాక్సైడు దాదాపు ఉండదు. ఇది జమ వైపు వ్రాయవలసిన నిజము. స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయము వారు 114 మంది ధూమపాయులతో జరిపి 2019 లో ప్రకటించిన పరీక్షయందు, సిగరెట్టు మాని ఒక నెల ఆవిరికి మారినవారి రక్తనాళముల పనితీరు కొంత మెఱుగుపడెను. న్యాయముగా లెక్క వ్రాయువాడు దీనిని దాచరాదు.

ఖర్చు వైపునకు వత్తము. నికోటిను అక్కడనే యున్నది. ఎద్దునకు మేత మిగిలినను బండిబరువు దిగలేదు. వేడికి ఫార్మాల్డిహైడు, అక్రోలీను వంటి విషద్రవ్యములు పుట్టుచున్నవి. తీగెనుండి లోహకణములును కలియుచున్నవి. నికోటిను గల ఆవిరి పీల్చిన పిమ్మట నాడి వేగము హెచ్చుననుటకు గట్టి ఆధారము కలదనియు, కాలక్రమమున గుండెజబ్బు వచ్చునో రాదో తేల్చుటకు ఆధారము లేదనియు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2018 లో తమ నివేదికయందు తెలిపినవి. గుండెజబ్బు తక్షణమే వసూలునకు వచ్చు బాకీ కాదు; ఏండ్ల తరబడి వడ్డీతో పెరుగునది. ఈ క్రొత్త బాకీకి పుస్తకము తెఱచి ఇంకను ఎంతో కాలము కాలేదు.

మఱియొక సంగతి కలదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారాను, ఆ డిసెంబరులో చట్టము ద్వారాను భారత ప్రభుత్వము ఈ గొట్టముల తయారీని, దిగుమతిని, అమ్మకమును, ప్రకటనను నిషేధించెను. మొదటి నేరమునకు ఒక సంవత్సరమువఱకు కారాగారము గాని, లక్ష రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. కావున చాటుగా చేతికి వచ్చు సరుకులో ఏమున్నదో, ఎంత యున్నదో చూచి ముద్రవేయువారు లేరు.

తండ్రి ప్రశ్నకు ఉత్తరమిది. ఆవిరివలన హాని పొగకంటె తక్కువ కావచ్చునని చెప్పిన వైద్యులు కలరు; ఏమియు కాదని చెప్పిన వైద్యశాస్త్రము లేదు. రెండును కలిపి త్రాగువానికి ఆ తక్కువయు దక్కదు. ఎన్నడును త్రాగని పిల్లవానికి జమ వైపు వ్రాయుటకు ఏమియు లేదు, అంతయు ఖర్చే. నలుని యందు చిన్న లోపము కొఱకు కలి కాచియుండి ప్రవేశించినట్లు, పండ్లవాసన వెనుక నికోటిను కాచియుండును. అది వెడలిపోవుట ప్రవేశించినంత సులభము కాదు.

అయినను మానుట అసాధ్యము కాదు. తిరుమల కొండపై ధూమపానము నిషిద్ధము. ఎంత అలవాటుపడినవాడును స్వామి దర్శనమునకై అలిపిరి దాటినది మొదలు దిగివచ్చువఱకు ఓర్చుకొనుచునే యున్నాడు. ఆ ఓర్పునకు ఫలము వెంటనే కలదు. చివరి సిగరెట్టు ఆర్పిన 20 నిమిషములకు నాడి నెమ్మదించుట మొదలగును. 12 గంటలలో రక్తమునందలి కార్బన్ మోనాక్సైడు సహజస్థితికి దిగును. ఒక సంవత్సరము నిలిచినచో అదనపు గుండెజబ్బు ముప్పు సుమారు సగమునకు తగ్గును. 15 సంవత్సరములకు ఎన్నడును త్రాగనివాని స్థితికి చేరువయగును. కొండపై ఒక దినము నిలిచిన నియమమును క్రిందికిని తెచ్చుకొనుటయే చేయవలసినది. ఒంటరిగా చేతకానివారికి వైద్యుల సలహాయు, నికోటిను చూయింగ్ గమ్ము, పట్టీల వంటి సాధనములును కలవు. 1800112356 అను ప్రభుత్వ ఉచిత టెలిఫోను సంఖ్యకు పిలిచినను సహాయము లభించును.

ఆ సాయంకాలము కుమారుడు గొట్టమును మరల జేబులోనే పెట్టుకొనెను. తండ్రి కోపింపలేదు. "నా గుండె నాకు ముప్పై ఏండ్లకు చెప్పింది. నీకు పుస్తకమే చెప్తా ఉంది గదా, విను" అని మాత్రమనెను.

ఇట్టి మాటలు తండ్రీకొడుకుల నడుమ పుట్టుటకు ఇరువదియైదేండ్లుగా తావిచ్చిన ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక. స్వస్తి.