అన్నియు తెలియని మనుష్యుడు పరిపూర్ణుడు కాగలడా?

(కృష్ణపట్నములో శతవత్సర కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండము నూరు సంవత్సరములు నిండించుకొనిన ఈ సంతోష సమయమున, మా పాత తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొని ఈ ప్రసంగము ప్రారంభించుచున్నాము.

మేము వేదాంత కళాశాలనుండి పట్టా పుచ్చుకొని క్రొత్తగా వచ్చిన దినములలో, సముద్రపు ఒడ్డు పల్లెనుండి ఒక తల్లి బాప్తిస్మము కోరి వచ్చినది. ఆమెకు చదువు రాదు. త్రిత్వమును గూర్చి మేమడిగిన ప్రశ్నలకు, "అయ్యగారూ, అయ్యన్నీ నాకు తెలవ్వు. ఆయన నన్ను ఇడిసిపెట్టలా, నేనూ ఆయన్ని ఇడిసిపెట్టను" అని మాత్రమే చెప్పినది. వచ్చే సంవత్సరము చూతమంటిమి. ఆ సంవత్సరమంతయు ఆమె ఆరాధనకు తప్పక వచ్చుచు, ప్రభురాత్రి భోజన సమయమున మాత్రము మౌనముగా లేచి గుడి మెట్లమీద కూర్చుండెడిది. ఆమెను అక్కడ కూర్చుండబెట్టినది మా పాండిత్యమే.

మత్తయి 5:48లో ప్రభువు మనలను తండ్రివలె పరిపూర్ణులై యుండుమనెను. తండ్రి సర్వజ్ఞుడు, మనము కాము. అట్లయిన ఈ ఆజ్ఞ అసాధ్యమా? దానికి ముందున్న వచనములు చదివినచో సంగతి తేటపడును. అక్కడ ప్రభువు మాటలాడుచున్నది జ్ఞానమును గూర్చి కాదు, శత్రువులను సహా ప్రేమించుటను గూర్చి. గ్రీకులో అక్కడున్న 'తెలెయొస్' అను మాటకు, తన ఉద్దేశమును చేరినది, పక్వమునకు వచ్చినది అని భావము. ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయములో పౌలు తాను ఇంకను సంపూర్ణసిద్ధి పొందలేదని ఒప్పుకొని, మూడు వచనముల తరువాత తన్నును విశ్వాసులను పరిపూర్ణులలో చేర్చి మాటలాడెను. గురి చేరలేదు గాని, ముఖము గురివైపే యున్నది.

అంతకంటె గొప్ప సాక్ష్యము మార్కు 13:32. ఆ దినము కుమారునికిని తెలియదని ప్రభువే సెలవిచ్చెను. దానివలన ఆయన పరిపూర్ణతకు లోటు వచ్చినదని మనలో ఎవరందురు? జాన్ వెస్లీ కూడ 1766లో ప్రచురించిన క్రైస్తవ పరిపూర్ణత గ్రంథములో, పరిపూర్ణ ప్రేమగలవారు సయితము అజ్ఞానమునకు, పొరపాటునకు అతీతులు కారని బోధించెను.

మన రేవునకు వచ్చు ఓడలను చూడుడి. కప్తాను మహాసముద్రములు దాటి వచ్చినవాడే. అయినను ఇక్కడి లోతుపాతులెరిగిన పైలట్ ఓడ యెక్కి దారి చూపుచుండగా లోనికి వచ్చును. అది అతనికి అవమానము కాదు. తెలియనిచోట తెలిసినవానిని నమ్ముట మంచి కప్తాను లక్షణము.

మన చేరువనున్న బకింగ్‌హామ్ కాలువ చరిత్ర జ్ఞాపకము చేసికొందము. 1876-78 మహా కరవులో, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో మూడున్నర మైళ్ల పని తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిప్పించెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరను నింద రాకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అనేకులు అక్షరమెరుగని మాదిగ సోదరులు. ఇంత తక్కువ తెలిసినవారిని చేర్చుకొనవచ్చునా యని సందేహించినవారును గలరు. ఈనాడు ఆ సంఘముల మనుమలు, మునిమనుమలు ఉపాధ్యాయులై, వైద్యులై, కాపరులై యున్నారు.

అయితే అజ్ఞానము సద్గుణమని మేము చెప్పుటలేదు. ఆ మిషనువారు రామాపట్నములో వేదాంత పాఠశాల పెట్టి బోధకులను తర్ఫీదు చేసిరి. అపొ. కార్యములు 18వ అధ్యాయములో మహా పండితుడైన అపొల్లో, డేరాలు కుట్టుకొను దంపతుల యింట కూర్చుండి నేర్చుకొనెను. తెలియకపోవుట మన పరిపూర్ణతకు అడ్డము కాదు. నాకు చాలినంత తెలియునని చెప్పి నేర్చుకొనుట మానుటయే అడ్డము.

మరుసటి సంవత్సరము ఆ తల్లి మరల వచ్చినది. అదే ప్రశ్న వేసితిమి, అదే జవాబు చెప్పినది. ఆ దినము నేర్చుకొనినది మేమే. ఆమెకు బాప్తిస్మమిచ్చి, బల్లయొద్దకు చేయిపట్టి నడిపించితిమి.

పెద్దలారా, రెండవ నూరేండ్లలోనికి అడుగిడుచుండగా, మన మెట్లమీద ఎవరు కూర్చుండియున్నారో ఒకసారి వెలుపలికి వెళ్లి చూతము. వారిని లోనికి పిలుతము. పిలిచిన పిమ్మట ఓర్పుతో నేర్పుదము, వారియొద్ద మనమును నేర్చుకొందము. ప్రభువు అట్టి ప్రేమయందు మనలను పరిపూర్ణులనుగా చేయునుగాక. ఆమేన్.