నీరు నిలవని చోట తీగపెండలం

పెదపాడు చుట్టూ వరిచేలు, చేపల చెరువులు, ఆ వెనక కొల్లేరు. నీటికి కొదవలేని నేల. తీగపెండలానికి అదే చిక్కు! దానికి మంచి వానలు కావాలి, మొక్క మొదలు దగ్గర మాత్రం నీరు నిలవకూడదు. నిలిస్తే దుంప కుళ్లుతుంది.

అందుకే పల్లపు నల్లమట్టి కంటే చింతలపూడి వైపు మెట్టల్లోని ఎర్రనేలలు దీనికి నప్పుతాయి. పల్లంలో వేయాలంటే పెరట్లో మట్టి ఎత్తుగా పోసి, పశువుల ఎరువు కలిపి నాటాలి. సగ్గుబియ్యమిచ్చే కర్రపెండలం వేరే మొక్కలెండి, దానితో పోల్చకూడదు.

200 నుంచి 300 గ్రాముల దుంపముక్క ఒక మొక్కకు చాలు. తొలకరికి ముందే నాటాలి. మొలిచిన పదిహేను రోజుల్లో ఊతం ఇస్తే, నాలుగు పలకల కాడ కుడివైపుకు చుట్టుకుంటూ పాకుతుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడి దానికి హాయి. పగటి పొద్దు తగ్గేకొద్దీ ఆకుల్లో తయారైన పిండిపదార్థం దుంపలోకి దిగుతుంది. 9, 10 నెలలకు ఆకులు పండి ఎండాక తవ్వుకోవడమే. కొన్ని రకాలకు తీగమీదే చిన్నదుంపలు కాస్తాయి. వాటినీ విత్తనంగా వాడొచ్చు.

ఫిలిప్పీన్స్‌లో తీగపెండలంలోని ఊదారంగు రకంతో ఐస్‌క్రీమ్ చేస్తారు. మన దేశంలో, తిరువనంతపురంలో 1963లో మొదలైన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ శ్రీకీర్తి, శ్రీరూప వంటి రకాలను రైతులకు అందించింది.