నమ్మినవారు, నమ్మబడినవారు

(కావలిలో చేసిన స్మారకోపన్యాసము)



కళంకితమైన పూర్వజీవితము గల మనుష్యుని విశ్వాసము మార్చగలదా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. బోయవాడు వాల్మీకియైన కథను, నిగమశర్మ కథను వినుచు పెరిగినవారము. పతితుడు పావనుడగుట మన పురాణములకు నిత్యకృత్యము. అయితే పురాణములోని పాపి ఒంటరివాడు. పాపము తానే చేసెను, తరించినదియు తానే; వాని పేరు ఏ ఠాణాలోను నమోదు కాలేదు. ఒక కులమునకంతకును పుట్టుకతోనే నేరమంటగట్టి, ఆపైని వారిని మార్చుటకు మతమును నియోగించిన ఉదంతము ఈ కావలిలోనే జరిగినది గనుక, నేటి ప్రసంగమునకు పురాణమును విడిచి దానినే గ్రహించితిని.

ఆ కులమువారే ఎరుకలవారు. ఉప్పు ఎరుకలవారు, దబ్బ ఎరుకలవారు, కరివేపాకు ఎరుకలవారు, ఎరుక చెప్పు పరికముగ్గులవారు అని వారిలో శాఖలు పెక్కు. ఉప్పువారు ఈ తీరమున ఉప్పు కొని, ఎద్దులమీదను గాడిదలమీదను పెరికలు వేసి, పిల్లలను, కోళ్ళను, తట్టలను వెంటబెట్టుకొని, మెట్టసీమకు నడచి, అక్కడి ధాన్యముతో తిరిగివచ్చెడివారు. బకింగ్‌హాం కాలువలో పడవలును, పిదప రైలుబండ్లును ఆ ఉప్పును మోయనారంభించినంతట ఆ పెరికలకు పని లేకపోయెను. పని పోయినను తిరుగుడు పోలేదు. పని లేక తిరుగువానిని చూచి సర్కారునకు అనుమానము పుట్టెను. వారిలో కొందరు దొంగతనములకు దిగిరనుట నిజమే. దానిని కప్పిపుచ్చి మాటలాడుట వారికి మేలు చేయుట కాదు. కాని 1871లో ఉత్తరాదిన పుట్టి, 1911 నాటి రూపముతో మద్రాసు రాజధానికి వ్యాపించిన నేరస్థజాతుల చట్టము కొందరి దోషమును అందరి నొసటను వ్రాసెను. వ్రేలిముద్రలు, వేళకు హాజరు, హద్దు దాటుటకు పాసు, తల్లిదండ్రులనుండి బిడ్డలను వేరుచేయుటకు సర్కారునకు అధికారము! ఊరివారి అరచేయి చూచి రాబోవు కాలమును చెప్పిన ఎరుకలసానికి తన రాబోవు కాలమును పోలీసు రిజిష్టరు చెప్పసాగెను.

ఆ చట్టము వచ్చిన కొలది యేండ్లకే బాపట్ల చేరువ స్టువార్టుపురమున సాల్వేషన్ ఆర్మీవారును, ఈ కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారును అట్టివారిని ఉంచు సెటిల్మెంట్లు నడపిరి. కావలి సెటిల్మెంటుతో శామ్యూల్ బాడెన్ దొర పేరు పెనవేసికొని యున్నది. పని, బడి, ప్రార్థన అను మూటితో మనుష్యుని మరల పుట్టింపవచ్చునని ఆ మిషనరీలు నిజముగనే నమ్మిరి. లాఠీకంటె బైబిలు మేలనుటకు సందేహింపను.

అయినను ఇచ్చట ఒక పాత సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది. ధాత కరువు నాడు, ఒంగోలు ఇంకను నెల్లూరు జిల్లాలో నున్న కాలమున, ఆ మిషనువాడే యైన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు త్రవ్వించు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. వారిలో ఎందరో బాప్తిస్మము కోరివచ్చిరి. కరువు సహాయము సాగినంతకాలము ఆయన ఇయ్యలేదు. కూలి పెట్టు చేతితోనే బాప్తిస్మము నిచ్చినచో వచ్చినది ఆకలియో విశ్వాసమో తెలియరాదుగదా! సహాయము ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను అందరును చెప్పుకొందురు. దానికి ముందటి ఆ నిరీక్షణమే నాకు గొప్పదిగ తోచును.

కావలిలో ఆ వివేకమునకు చోటు లేకపోయెను. అన్నము, హద్దు, వేదగ్రంథము ఒక్క చేతిలోనే యుండెను. అట్లని అక్కడ మారినవారెవరును లేరని నేననను; ఒకని ప్రార్థన కపటమని తీర్పు చెప్పుటకు మనకేమి అధికారము? తమ దేవత కొల్లాపురమ్మకు మ్రొక్కినపుడును వారికి భక్తి కలదు, క్రీస్తును కొలిచినపుడును కలదు. లోపము భక్తిలో లేదు. నిజముగ మారిన మనుష్యుడును బాప్తిస్మము పొందినంతమాత్రమున హాజరు తప్పించుకొనజాలడు; దేవుడు క్షమించినను రిజిష్టరు క్షమింపదు. తన్నెవరును నమ్మని లోకములో దైవమును నమ్మినవాని మార్పు ఎన్నాళ్ళు నిలుచును?

ఇక మీలో భక్తులకు రుచింపని మాట యొకటి చెప్పవలెను. 1974 ప్రాంతమున స్టువార్టుపురమునకు పోయి, ఇల్లిల్లు తిరిగి, అక్కడివారి పునరావాసమునకై పాటుపడిన హేమలతా లవణం గారు జాషువా కవిగారి కుమార్తె, నాస్తికుడగు గోరాగారి కోడలు. ఆమెయు, భర్త లవణం గారును వారికి చూపుటకు దేవుడు లేడు. ఉన్నది మనుష్యునిపై నమ్మకమొక్కటే. మరియొకవైపు, 1960లో చంబల్ లోయ బందిపోట్లు ఆయుధములు దించినది వినోబా యెదుటనే గాని పోలీసు బలగము నెదుట కాదు. ఆయన పరమ ఆస్తికుడు. ఆస్తికుడును నాస్తికుడును ఒకే పని చేసిరనగా, ఆ పనిలో ముందుగ నమ్మవలసినవాడు నేరస్థుడు కాదనియు, అతని యెదుట నిలిచినవాడే ముందుగ అతనిని నమ్మవలెననియు నా నిశ్చయము.

ఆ నేరస్థజాతుల చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952లోను రద్దయ్యెను. దాని వెనుకనే అలవాటు నేరస్థుల చట్టములు వచ్చెను. ఊళ్ళలో అనుమానము మాత్రము ఏ చట్టము నడుగక సాగుచునే యున్నది. కావలి వర్తకులారా, మీ వీధిలో దొంగతనము జరిగిన మరునాడు ఎరుకలవారి ఇండ్లవైపు మొదట చూడకుడు. వారి పిల్లవాడొకడు పని యడుగవచ్చినచో మూటలు మోయుటకు గాక, మీ గల్లాపెట్టె దగ్గర కూర్చుండబెట్టుడు.