హాస్టల్ గోడ ఎవరిది?

(హాస్టల్ గోడల మీద విద్యార్థులు వేసే బొమ్మలకు నియమాలు రాసుకునేందుకు జరిగిన సమావేశంలో ఒక జర్నలిస్టు మాట్లాడిన మాటల పాఠం)



నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్ల ఒకటే మాట అడిగిండు. "అన్నా, గోడల మీద బొమ్మలు ఎయ్యొద్దని నోటీసు అంటించిన్రు. ధర్నా చేద్దామా, దరఖాస్తు పెడుదామా?" అని. రెండూ చెయ్యొచ్చు. కానీ అంతకన్న ముందు కూసోని మన రూలు మనమే రాసుకోవాలె అన్న. ఆయనకు నచ్చినట్టు లేదు. ఉద్యమం చేసినోడు వచ్చి రూళ్ళు రాయమంటడేంది అనుకున్నడో ఏమో! నేను ఎందుకన్ననో చెప్పుత.

2010ల నేను హాస్టల్ల ఉన్న. పేరెందుకు గాని మెస్ హాలు, మెట్లు, వరండా అంత బొమ్మలే ఉండేటియి. ఒకనాడు పొద్దుగాల లేచి చూసేవరకు నిచ్చెనలు, సున్నం డ్రమ్ములు. ఏందంటే న్యాక్ కమిటీ వస్తున్నదట. మూడేండ్ల బొమ్మలు మధ్యాహ్నం బువ్వ టైముకు మాయమైనయి. పోటోలు తీసుకుందామన్నా టైమియ్యలె. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు కాషన్ డిపాజిట్ల పైసలు కోసిన్రు, రంగు ఖర్చు అని. ఏ రూలు ప్రకారం కోసిన్రు సార్ అంటే, రూలెందుకయ్యా, యూనివర్సిటీ ఆస్తిని ఖరాబు చేసిన్రు అన్నరు. కాయితం మీద రూలు లేకపోతే ఆఫీసు సారు మాటే రూలైతది. ఆ పొద్దు నాకు అది తెలిసింది.

ఇది వాళ్ళు చేసిన తప్పు. ఇంక మేం చేసినది కూడ చెప్పాలె. చెప్పకపోతే ఇక్కడ మాట్లాడే అర్హత నాకు లేదు.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండె. ఎక్కువ మాట్లాడకపోతుండె. మెస్ హాలు పక్క గోడ మీద వారం రోజులు కష్టపడి గుస్సాడీ వేసిండు. నెమలీకల టోపీ, మెడల పూసలు, మీద జంతువు తోలు. వాళ్ళ ఊర్ల దీపావళి దినాలల్ల ఆడే ఆట అది. ఈకకో రంగు చొప్పున సన్నగ దిద్దిండు. రెండు నెలలకు మా సభ వచ్చింది. పెద్ద అక్షరాలతోని నినాదం రాయాలె, వెడల్పు గోడ కావాలె. రాత్రి రెండు గంటలకు ఆ గోడకు తెల్లరంగు కొట్టి నినాదం రాసినం. కొట్టినోళ్ళల్ల నేనూ ఉన్న. తెల్లారి ఆ తమ్ముడు పల్లెం పట్టుకొని వచ్చి గోడ దిక్కు చూసి, ఏమనకుంట కూసోని తిన్నడు. తర్వాత సంవత్సరం బయట రూం తీసుకున్నడు. దానికీ దీనికీ సంబంధం ఉన్నదో లేదో నేను అడగలె. అడిగే మొఖం లేకుండె. న్యాక్ కమిటీ కోసం సున్నం కొట్టినోళ్ళు కనీసం పగటిపూట కొట్టిన్రు.

అందుకే రూలు అంటే కేవలం ఆఫీసును ఆపేటిది అనుకోకుండ్రి. బలమున్న సంఘం నుంచి బలం లేని పిల్లగాన్ని కాపాడేటిది కూడ కావాలె.

ఇగ చట్టాల సంగతి. నోటీసుల లింగ్డో కమిటీ పేరు పెట్టిన్రట. ఆ సిఫార్సులు 2006ల సుప్రీంకోర్టు అమలు చెయ్యమన్నయి. అవి విద్యార్థి ఎన్నికలకు సంబంధించినయి. అచ్చు పోస్టర్లు వద్దు, చేతితోని రాసినయే పెట్టాలె, అవి కూడ ముందుగాల చెప్పిన జాగలల్లనే, అభ్యర్థి ఖర్చు 5 వేలు దాటొద్దు అని ఉన్నది అండ్ల. ఎలక్షన్ లేనినాడు మెట్ల కాడ ఏసిన చెట్టు బొమ్మకు లింగ్డోతోని ఏం పని? అడుగుండ్రి. మన దగ్గర 1997ల వచ్చిన గోడలు ఖరాబు చేయకుండ ఆపే చట్టం ఒకటి ఉన్నది. దాన్ని మాత్రం తేలికగ తీసుకోకుండ్రి. రోడ్డు మీదికి కనిపించే ప్రహరీ గోడ, హాస్టల్ ముంగటి గోడ మన ముసాయిదాల పెట్టొద్దు అని నేను అనేది అందుకే. లోపలి గోడలు మనం బతికే గోడలు. అక్కడ నిలబడి కొట్లాడుదాం.

ఢిల్లీల జేఎన్‌యూ చూడుండ్రి. దేశంల చేతి బొమ్మల పోస్టర్లకు అంత పేరున్న క్యాంపస్ ఇంకోటి లేదు. ఢిల్లీ చట్టం 2007ది. బయటికి కనిపించే ఆస్తి మీద సిరాతోనో సుద్దతోనో రంగుతోనో రాస్తే ఏడాది దాక జైలు లేదంటే 50 వేల దాక జరిమానా. ఆ చట్టం పేరు చెప్పి 2019ల అక్కడి గోడలు ఖాళీ చేయించిన్రు. 2023 చివర వచ్చిన అక్కడి క్రమశిక్షణ రూళ్ళల్ల గోడ పోస్టరు, ధర్నా ఒక్క తాన చేరినయి. చదువు చెప్పే భవనాలకు వంద మీటర్ల లోపల కూసుంటే 20 వేల దాక జరిమానా. గోడ సంగతి అని మొదలైంది, కూసునే జాగ దాక వచ్చింది. మన నోటీసు కూడ ఒక్కసారి మళ్ళ చదువుండ్రి. "గోడలపై చిత్రాలు, రాతలు, ఇతర అనుచిత కార్యక్రమాలు" అని ఉన్నది. ఆ ఇతర అనేటిది ఏంది? దాన్ని కొట్టేయించకుంట సంతకం పెట్టకుండ్రి.

అమెరికాల ఎమ్‌ఐటీ ముచ్చట కూడ చెప్పుత. అక్కడి కొన్ని హాస్టళ్ళల్ల పిల్లలు గదుల, వరండాల గోడలకు బొమ్మలేసుకునుడు ఏండ్లకేండ్ల రివాజు. బెక్స్‌లీ అనే హాస్టల్ల లోపలంత బొమ్మలే. 2013ల బయటి గోడలల్ల నీళ్ళు దిగి భవనం పాడైందని తేల్చి మూసేసిన్రు, తర్వాత కూలగొట్టిన్రు. బొమ్మలు గోడలతోనే పోయినయి. ఈస్ట్ క్యాంపస్ అనే ఇంకో హాస్టల్‌ను 2023ల మరమ్మతుకు ఖాళీ చేయించి 2025ల తెరిచిన్రు. మరమ్మతు అంటే పాత గోడ బతకదు. అంత పైసలున్న చోటనే గట్లుంటే మన హాస్టల్ సంగతి చెప్పేదేమున్నది?

అందుకే మీ ముసాయిదాల నేను మొదలు చూసేది రంగు కాదు, నీళ్ళు. మీ మెస్ గోడకు చేయి పెట్టి చూసిన. సల్లగ, మెత్తగ ఉన్నది. మీద బాత్రూం పైపు కారుతున్నది. ఆ గోడ మీద ఎనామిల్ రంగు వేస్తే వానకాలం దాటకముందే పొక్కులు లేచి రాలుతది. ఎనామిల్ లోపలి చెమ్మను బయటికి రానియ్యది. అప్పుడు సార్లు బొమ్మల వల్లనే గోడ కరాబైంది అంటరు. ముందుగాల పైపు బాగు చేయమని రాసియ్యుండ్రి. గోడ ఎండినంక గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, నీళ్ళతోని కలిపే రంగు వాడుండ్రి. పాత రంగు మీద రంగు, దాని మీద రంగు కొట్టుకుంట పోవద్దు. పొరలు మందమైతే నిప్పు అంటుకున్ననాడు మంట గోడ పట్టుకొని ఉరుకుతది. మెట్ల దారి కాడ ఇది మరీ ప్రమాదం. స్విచ్చు బోర్డులు, ఫైర్ సిలిండర్ జాగ, బయటికి పోయే దారి గుర్తులు, వీటి మీద చుక్క రంగు పడొద్దు. ఈ విషయంల వార్డెన్ సారు పట్టుబడితే ఆయన మాట వినుండ్రి. ఆయనది న్యాయమే.

బొమ్మ ముందుగాల చూపించి అనుమతి తీసుకోవాలె అనే మాట మాత్రం ఒప్పుకోకుండ్రి. ఎక్కడ వేస్తున్నరు, ఏ రంగు, ఎన్ని రోజులు, పక్క గదులోళ్ళు సరే అన్నరా, ఇంతవరకే చెప్పాలె. ఏం వేస్తున్నరు అనేటిది ఆఫీసు పని కాదు. కులం పేరుతోనో ఆడపిల్లలనో కించపరిస్తే ఎట్ల అని ఇందాక ఒక చెల్లె అడిగింది. సరైన ప్రశ్న. ఫిర్యాదు వస్తే వారం లోపల హాస్టల్ కమిటీ కూసోవాలె. ఆ కమిటీల ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు, ఆడపిల్లలు తప్పనిసరి ఉండాలె. బొమ్మ వేసినోన్ని, నొచ్చుకున్నోన్ని ఇద్దరినీ విని తేల్చాలె. వేసినోళ్ళ పేరు గోడ మీద వద్దు. రేపు ఎవడో పోటో తీసి పోలీసోళ్ళకిస్తే ఆ పిల్లగాని పాస్‌పోర్టు కాడ తిప్పలు. పేరు కమిటీ రిజిస్టర్ల ఉంటే సాలు. లేడీస్ హాస్టల్ రూళ్ళు వాళ్ళే రాసుకుంటరు, మనం ఇక్కడ కూసోని రాసుడు కాదు.

తుడిచేటందుకు కూడ రూలు కావాలె. మీ ముసాయిదాల అది లేనేలేదు. సున్నం కొట్టాలంటే పదిహేను రోజుల ముందు నోటీసియ్యాలె. బొమ్మ పోటో తీసి దాచాలె. వేసినోడు చదువైపోయి పోతే ఫోన్ చేసి చెప్పాలె. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ వేయాలన్నా ఇదే రూలు. సంఘానికీ ఇదే, సభ ఎంత పెద్దదైనా ఇదే.

ఎన్ని రోజులు ఉంచాలె అనే కాడ మీరు రెండేండ్లని రాసిన్రు. పీజీ కోర్సు రెండేండ్లు కాబట్టి సరిపోతదని నా ఆలోచన. రీసెర్చి అన్నలు ఐదేండ్లంటున్నరు. అది మీరు తేల్చుకోండ్రి.

రిజిస్ట్రార్ ఆఫీసుకు సోమవారం పోవాలె. రెండు కాపీలు పట్టుకపోయి ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండ్రి. ఇప్పుడు ఎనిమిదయింది, మెస్ బందయితది. సంతకాల కాయితం తలుపు కాడ బల్ల మీద పెట్టిన్రు.