పెట్టెను ప్రేమించేవాళ్ళు పాటను ప్రేమిస్తున్నారా?

(అంబేద్కర్ జయంతి ఏర్పాట్ల కోసం కోనసీమలోని ఒక పేటలో జరిగిన సమావేశంలో మేము మాట్లాడిన మాటల పాఠం)



చందా లెక్క చూసుకుందామని కూర్చున్నాం. లెక్క దగ్గరే తగువొచ్చింది. కుర్రాళ్ళు డీజే బాక్సులు కావాలంటున్నారు. పెద్దలేమో "ఆ మోతలో మీకు పాటేం వినపడుద్దిరా, మీక్కావాల్సింది పాట కాదు, పెట్టె" అంటున్నారు. ఎవరిది తప్పో తేల్చటానికి మేము రాలేదు. అయితే పెద్దలు అడిగింది మంచి ప్రశ్న. పెట్టెల పిచ్చి ఉన్నోడికి పాట మీద నిజంగా ప్రేముందా? దీన్ని మన కుర్రాళ్ళ ఒక్కళ్ళనే అడిగితే అన్యాయం. ముందు పెద్దిళ్ళను అడుగుదాం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవల్లో నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, వరితో డబ్బొచ్చింది. ఆ డబ్బుతో మండువా లోగిళ్ళు లేచాయి. మనదేశంలో గ్రామఫోను కంపెనీ మొదటి రికార్డులు 1902లో కలకత్తాలో తీసింది. గౌహర్ జాన్ పాడింది. తర్వాత కచేరీలు, నాటక పద్యాలు కూడా రికార్డులెక్కి మన జిల్లాల పెద్దిళ్ళకు చేరాయి. కామందు అరుగు మీద పెట్టె పాడుతుంటే పాలేరు దొడ్డిగోడ అవతల నిలబడి విన్నాడు. కృష్ణ రాయబారం పద్యాలు అక్షరం రాని మన తాతల నోళ్ళలో ఎలా నిలిచాయనుకున్నారు? కొన్ని నాటకం ముందు నేల మీద కూర్చుని పట్టినవి, కొన్ని గోడవతల నిలబడి పట్టినవి. పెట్టె ఒకడిది, పాట పట్టుకున్నది ఇంకొకడు.

ఆ లోగిళ్ళ వారసులు ఇవాళ రాజమండ్రిలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. వాళ్ళలో కొందరికి ఈ సెట్ల పిచ్చి ఉంది. వాల్వుల ఆంప్లిఫయరు, నల్ల రికార్డులు, లక్షల ఖరీదు చేసే స్పీకర్లు. తీగ మారిస్తే పాట మారిందంటారు. ఒకే రికార్డు పదిసార్లు వేసి మృదంగం ఎంత శుభ్రంగా పలికిందో చూడమంటారు. ఇందులో నిజమైన రసికులు లేరని మేము అనం. కానీ ఆ మృదంగం పలికేది దేని మీద? కొయ్య పనసది. మూతులకు ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు. బిగించే వారు గేదె తోలుది. కుడి మూతి మీద నల్లగా కనపడేది రాతిపొడిని అన్నంతో మెదిపి పొరలు పొరలుగా పెట్టిన కరణి. ఆ తోలు తెచ్చి, నానబెట్టి, గీకి, చెవితో శ్రుతి చూసి బిగించినవాడి పేరు రికార్డు అట్ట మీద ఎన్నడైనా చూశారా?

తమిళనాట టి.ఎం. కృష్ణ అని బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గాయకుడు ఉన్నాడు. మృదంగం చేసేవాళ్ళ చరిత్ర మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాశాడు. ఆ పనివాళ్ళలో చాలామంది దళిత క్రైస్తవులు. 2020లో ఆ పుస్తకం ఆవిష్కరణకు చెన్నై కళాక్షేత్ర ముందు హాలిచ్చింది. పుస్తకంలోంచి ఆవు తోలు గురించిన భాగం పత్రికలో వచ్చాక ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుంది. సభ ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరుపుకోవాల్సి వచ్చింది. అంటే తోలు మోత కావాలి, తోలు మాట మాత్రం వద్దు. స్పీకరులో ఇసుక రేణువంత తేడా పట్టే చెవికి ఈ సంగతి పట్టలేదు. దాన్ని పాట మీద ప్రేమ అందామా?

సరే, వాళ్ళ సంగతి అయింది. మన సంగతికొద్దాం. ఇది చెప్పటం కష్టం.

మన పేటల్లోకి మొదట వచ్చిన టేపురికార్డర్లు ఎక్కడివి? కువైటువి, మస్కట్‌వి. మన అక్కలు, పిన్నులు దొరల ఇళ్ళల్లో అంట్లు తోమటానికి విమానమెక్కి, రెండేళ్ళకో మూడేళ్ళకో తెచ్చిన టూ ఇన్ వన్‌లు. దాని మీద గుడ్డ కప్పి, పండక్కి తీసి, తుడిచి పెట్టుకునేవాళ్ళం. పిల్లలు ముట్టుకుంటే దెబ్బలే. ఆ పెట్టెను మనం ప్రేమించలేదా? ప్రేమించాం. ఉత్తరం రాయటం రాని తల్లి ఖాళీ కేసెట్టులో మాట్లాడి పంపేది. "బాబూ, బడికెళ్తన్నావా, నాన్న తాగుతన్నాడా" అని. మధ్యలో ఏడుపు, ఏడుపు వెనకాల అరబ్బీలో ఎవరో కేకెయ్యటం. ఆ కేసెట్టు అరిగేదాకా విన్నాం. ఇంకో కేసెట్టులో ఎవరైనా సినిమా పాటలు నింపుకుందామంటే ఇచ్చాం, దీన్ని మాత్రం ఇవ్వలేదు. పెట్టెకి విలువ దాంట్లోంచి వచ్చే గొంతు వల్ల వచ్చింది.

తర్వాత హారన్ మైకు. చర్చి మీద కొబ్బరిచెట్టెత్తున కట్టిన ఇనప బాకా. పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు పొద్దున్నే దాంట్లోంచి కాలవ దాటి ఊళ్ళోకి వెళ్ళేవి. మనం చెప్పులేసుకుని నడవలేని వీధిలో మన పాట నడిచింది. అప్పుడే ఊళ్ళో వాళ్ళకి "గోల" అనే మాట గుర్తొచ్చింది. వాళ్ళ గుళ్ళో మైకు భక్తి, మన మైకు గోల! అందుకని గట్టిగా పెట్టాలన్న మన కుర్రాళ్ళ పంతాన్ని మేము ఎగతాళి చెయ్యం. వందల ఏళ్ళు నోరు మూయించినవాళ్ళ ముందు గట్టిగా వినపడాలనుకోవటం వెర్రి కాదు.

అయితే తమ్ముళ్ళూ, ఒక పని చేద్దాం. ఎక్కడన్నా డీజే పెట్టినప్పుడు కాలవ అవతల గట్టు మీదికెళ్ళి నిలబడండి. ఏం వినపడుద్ది? దడ్ దడ్ దడ్. అంతే. కింది శ్రుతి మోత గోడల్ని దాటుద్ది, దూరం పోద్ది. మాటలుండే పై శ్రుతులు గోడలకీ చెట్లకీ ఆగిపోతాయి. ఆ పాత హారన్‌కి కింది మోత రాదు, కీచుగానే ఉంటది, కానీ మాట తీసుకెళ్ళి అవతల పెట్టేది. మీరు అంబేద్కర్ పాటే వేశారనుకోండి, ఊరికి చేరేది అంబేద్కర్ కాదు, దడదడ. వినాయకుడి ఊరేగింపుకి ఏ దడదడ చేరిందో అదే. మరి ఎవరి జయంతని వాళ్ళకెలా తెలుస్తది?

డబ్బు సంగతి కూడా వినండి. మోత చెవికి రెండింతలు అనిపించాలంటే కరెంటు శక్తి దాదాపు పదింతలు కావాలి. నాలుగింతలు అనిపించాలంటే నూరింతలు. ఆ లెక్కన బాక్సులు, జనరేటరు, డీజిలు పెరుగుతాయి. చందా ఇచ్చింది ఊడ్పులకెళ్ళి నడుం వంచిన ఆడవాళ్ళు. ఆ ఊడ్పుల్లో వాళ్ళు పాడే పాటలు మన సెల్‌ఫోన్లలో ఎన్ని ఉన్నాయి? చేతిలో రికార్డింగు యంత్రం లేని కుర్రాడు ఇవాళ పేటలో లేడు. మా ఫోన్లూ వెతుక్కున్నాం. ఒక్కటి దొరికింది, అదీ సగం.

డప్పు మాట తేకుండా ఈ సంగతి తెగదు. స్పీకరు విప్పి చూసినవాళ్ళు మనలో ఉన్నారు. లోపల అయస్కాంతం, రాగితీగ చుట్ట, కాగితపు గిన్నె. ఆ గిన్నె ముందుకీ వెనక్కీ కొట్టుకుంటేనే మోత. డప్పూ అంతే, తోలు కొట్టుకుంటేనే మోత. దానికి కరెంటు, దీనికి గడ్డిమంట. డప్పు వదిలేసిన పెద్దల్ని మేము తప్పు పట్టం. చావుకి కొట్టాలి, చాటింపుకి కొట్టాలి, జాతరలో కొట్టి గుడి బయట నిలబడాలి. ఆ వెట్టి వద్దని డప్పు దించిన చెయ్యి గొప్పది. అదే డప్పును 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా మళ్ళీ ఎత్తింది. ఈసారి ఎవరి చాటింపూ కాదు, తన చాటింపే. మాలలైనా మాదిగలైనా ఈ తేడా గమనించాలి. ఇప్పుడు 50 ఏళ్ళు దాటిన డప్పు కళాకారులకి ప్రభుత్వం పింఛనిస్తోంది. మనం ఏమిస్తున్నాం? సారా ప్యాకెట్టు, భోజనాల్లో ఆఖరి బంతి. అదీ మన జయంతిలో!

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యమంలో ఉన్నామని చెప్పుకునే మేము కూడా పాటను జనం పోగయ్యేదాకా వాడుకుని, నాయకుడు కారు దిగగానే "ఇక ఆపండమ్మా" అన్నాం. చరణం మధ్యలో మైకు లాక్కున్న రోజులున్నాయి. బాబాసాహెబ్ కాలంలో, 1930లలో, మహారాష్ట్రలో భీమ్‌రావ్ కర్డక్ లాంటివాళ్ళు జల్సాలు కట్టి ఊరూరా తిరిగి ఉద్యమం చెప్పారు. అక్కడ పాటే సభ. మనకి మాత్రం మైకు మీద ఉన్న మోజు మైకు ముందున్న మనిషి మీద లేకపోయింది. సెట్లు పోగేసే పెద్దమనిషికీ మాకూ ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

టైము సంగతి కూడా ఇప్పుడే తేల్చుకుందాం. 2000 సంవత్సరం నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు కూడదు. ఏడాదికి 15 రోజులు మించకుండా పండగలకి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. కాగితం మీద అందరికీ ఒకటే. పది కొట్టగానే ముందు ఏ వీధికొస్తారో మీకు తెలుసు. కాబట్టి అర్జీ ముందే పెట్టి, రసీదు తీసుకుని, జేబులో ఉంచుకోండి.

మేము అడిగేది ఇది. బాక్సులు రెండే పెట్టుకోండి, మాట వినపడేలా హారన్లు నాలుగు కట్టండి. పగలు ఒక గంట ఊడ్పుపాటలు పాడే అమ్మలు మైకు ముందు కూర్చుంటారు, ఆ గంట పూర్తయ్యేదాకా ఏ నాయకుడొచ్చినా కింద కూర్చోవాలి, మేమైనా సరే. డప్పు పెద్దలు అదిగో వెనక గోడ దగ్గర కూర్చున్నారు. చందా పుస్తకం ఇటివ్వండి. వాళ్ళ ఒకరోజు కూలి ఎంతో వాళ్ళనే అడిగి మొదటి వరసలో రాద్దాం. బాక్సుల లెక్క ఆ తర్వాత.