కుక్క కాటునకు బాధ్యులెవరు?

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని మనలో ఒక సామెత గలదు. ఈ సామెతలో కుక్కకు పడవలసిన దెబ్బ సంగతి ఉన్నదే గాని, కాటు తిన్న మనిషి సంగతి లేదు. అతని కాలి గాయమునకు మందు ఎవరు ఇప్పించవలెను? పది దినములు పనికి పోలేక పోగొట్టుకొన్న కూలి ఎవరు ఇయ్యవలెను? పసిబిడ్డ ముఖముపై కలకాలము నిలిచిపోవు మచ్చకు ఎవరు జవాబుదారి? పెక్కుమంది దీనిని గ్రహచారమని సరిపెట్టుకొని ఊరకుందురు. చట్టము మాత్రము అట్లు సరిపెట్టుకొనుట లేదు. కుక్క కరచినచో ఎవరిని అడుగవచ్చును, ఏమి అడుగవచ్చును, ఎట్లు అడుగవలెను అను విషయమును నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

ముందుగా ఒక్క మాట. ఈ ఆపద అందరికీ సమానముగా వచ్చునది కాదు. కారులో తిరుగువారికి వీధికుక్క భయము తక్కువ. తెల్లవారక మునుపే వీధులు ఊడ్చువారు, ఇంటింటికి పాలును పత్రికలును వేయు కుర్రవాండ్రు, రాత్రి కాపలా కాయువారు, నడచి బడికి పోవు పిల్లలు, వీరే దీని బారిన పడుచున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడొకడు వీధికుక్కల దాడిలో ప్రాణములు కోల్పోయినాడు. అతని తండ్రి కాపలాదారుగా పని చేయుచుండెడివాడు. ఆ ఘోరమును పత్రికలలో చూచి, ఎవరును దావా వేయకయే, తెలంగాణ హైకోర్టు తనంతట తాను విచారణ చేపట్టినది. న్యాయస్థానము ఇట్లు ముందునకు వచ్చుట అరుదు. తక్కిన సందర్భములలో బాధితుడే పోయి తలుపు తట్టవలసియున్నది. ఆ తలుపు ఎక్కడ ఉన్నదో తెలిసియుండుట మంచిది.

హక్కుల మాట ఎత్తుటకు ముందు గాయము మాట చెప్పక తప్పదు. రేబీస్ రోగ లక్షణములు ఒకసారి బయటపడిన తరువాత మనిషిని బ్రతికించు మందు దాదాపు లేదనియే చెప్పవలెను. లక్షణములు బయటపడక మునుపు సరియైన చికిత్స జరిగినచో దాదాపు ప్రతివారిని కాపాడవచ్చును. కావున కరచిన వెంటనే గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద, 15 నిమిషముల పాటు కడుగవలెను. కారము, సున్నము, పసరు వంటివి అద్దరాదు. తాయెత్తు కట్టించుకొని కూర్చుండరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పూర్వము బొడ్డు చుట్టును పదునాలుగు సూదులు పొడుతురను భయము జనులలో ఉండెడిది. నరముల కణజాలము నుండి తయారు చేయు ఆ పాత టీకా తయారీని మన దేశములో 2004 చివరతో నిలిపివేసినారు. ఇప్పటి టీకాను చేతికి వేయుదురు. టీకా మొదలుపెట్టిన దినమును సున్నగా లెక్కించి, చర్మపు పొరలో వేయు పద్ధతిని బట్టి 3వ, 7వ, 28వ దినములలో మరల వేయవలెను. కండరములో వేయు పద్ధతిలో 14వ దినమున కూడ ఒకటి వేయుదురు. చర్మము తెగి రక్తము వచ్చినచో టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అను మందును గాయము లోపలను, చుట్టును ఎక్కించవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ టీకాను ఉచితముగా ఇచ్చుచున్నారు. రెండు సూదులు వేయించుకొని, గాయము మానినది గదా యని తక్కినవి మానివేయుట ప్రాణములతో చెలగాటము.

గాయమును కడుగుట ఎంత ముఖ్యమో, గాయమును కాగితముపై ఎక్కించుట అంత ముఖ్యము. మేము ఈ ప్రసంగమున ప్రధానముగా చెప్పదలచిన మాట ఇదియే. ఆరు మాసముల తరువాత న్యాయస్థానమున నిలుచునది గాయము కాదు, ఆనాటి చీటీ. ఆసుపత్రిలో ఓ.పి. చీటీ వ్రాయించునపుడు కుక్క కాటు అని, ఏ దినమున, ఏ వీధిలో, శరీరమున ఏ భాగమున, ఎన్ని పండ్ల గాట్లు పడినవి అను వివరములు వ్రాయుమని వైద్యుని మర్యాదగా కోరవలెను. కండ ఊడినచో ఆ గాయము కొలత కూడ వ్రాయించవలెను. కట్టు కట్టకముందే గాయమును ఫోటో తీయించుకొనవలెను. టీకా కార్డును, మందుల బిల్లులను, ఆటో కూలి వివరములను ఒక సంచిలో దాచవలెను. చూచినవారి పేర్లు వ్రాసియుంచుకొనవలెను. పనికి పోని దినముల లెక్కను యజమాని చేత వ్రాయించుకొనవలెను. ఈ పనులకు ఖర్చు లేదు. పిదప కావలెనన్నను ఇవి దొరకవు.

ఇక బాధ్యత మాట. కుక్కలు రెండు విధములు. ఒకటి పెంపుడు కుక్క, రెండవది వీధికుక్క. మొదటిదానికి యజమాని కలడు. రెండవదానికి యజమాని లేడని జనులు అనుకొందురు గాని, దానికిని బాధ్యులు కలరు.

పెంపుడు కుక్క కరచినచో రెండు మార్గములు గలవు. మొదటిది క్రిమినలు మార్గము. తన వద్దనున్న జంతువు వలన ఇతరుల ప్రాణమునకు గాని, శరీరమునకు గాని ప్రమాదము రాకుండ తగిన జాగ్రత్త తీసికొననివాడు శిక్షార్హుడు. పాత భారత శిక్షాస్మృతిలో ఇది 289వ సెక్షను. 2024 జులై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 291వ సెక్షను. ఆరు మాసముల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పాత చట్టములో జరిమానా 1,000 రూపాయలకు మించకుండెను. పోలీసులు వారంటు లేకయే చర్య తీసికొనదగిన నేరము గనుక, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి, నమోదైన ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా పొందు హక్కు ఫిర్యాదుదారునకు గలదు. అయితే జరిమానా సర్కారు ఖజానాకు పోవును. గాయపడినవాని చేతికి అది తనంతట తాను రాదు.

అందుకొరకు రెండవదియైన సివిలు మార్గము ఉన్నది. యజమాని అజాగ్రత్త వలన తనకు కలిగిన నష్టమునకు పరిహారము కోరి బాధితుడు దావా వేయవచ్చును. మన న్యాయస్థానములు ఇంగ్లీషు న్యాయమునుండి స్వీకరించిన పాత సూత్రము ఒకటి గలదు. పులి, ఎలుగు వంటి క్రూరజంతువును ఉంచుకొన్నవాడు అది చేసిన హానికి ఎట్లయినను బాధ్యుడే. కుక్క సాధుజంతువుల కోవలోనిది గనుక, అది కరచు స్వభావము గలదని యజమాని ఎరిగియుండెననియో, లేక అతడు తగిన జాగ్రత్త తీసికొనలేదనియో చూపవలసియుండును. ఇదివరకు ఆ కుక్క మరి యొకరిని కరచినదా? ఇరుగుపొరుగు వారు హెచ్చరించినారా? గేటు తెరచియుంచినారా? గొలుసు లేకయే వీధిలోనికి వదలినారా? ఈ ప్రశ్నలకు జవాబులే దావాకు ప్రాణము. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని గోడకు పలక తగిలించినంత మాత్రమున యజమాని బాధ్యత తీరిపోదు. మరియొక ప్రక్క, కుక్కను రాళ్లతో కొట్టి రెచ్చగొట్టినవాడు, అనుమతి లేక దొడ్డిలోనికి దూరినవాడు అడుగు పరిహారము తగ్గవచ్చును, అసలే రాకపోవచ్చును.

పరిహారములో వైద్యపు ఖర్చు ఒక్కటియే గాదు, పోయిన కూలి, అనుభవించిన బాధ, మిగిలిన మచ్చ, ముందు చేయించవలసిన చికిత్స కూడ లెక్కకు వచ్చును. ఇట్టి దావాకు సాధారణముగా గడువు మూడేండ్లు. మనిషి మరణించినచో, అతని భార్య గాని, భర్త గాని, తల్లిదండ్రులు గాని, సంతానము గాని 1855 నాటి ప్రాణాపాయ ప్రమాదముల చట్టము క్రింద రెండేండ్లలో దావా వేయవలెను.

ఇప్పుడు వీధికుక్క విషయమునకు వత్తము. వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, రేబీస్ టీకా వేయించు బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచుచు కేంద్ర ప్రభుత్వము 2001లో నియమములు చేసినది. వాని స్థానములో 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నియమములు వచ్చినవి. నగరపాలక సంస్థ గాని, పురపాలక సంఘము గాని, పంచాయతీ గాని ఈ విధిని విస్మరించినచో, దాని ఫలితము బాలుని తొడపై పండ్ల గాట్లుగా కనబడును. రాజ్యాంగములోని 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు ఇది భంగమని వాదించి, 226వ అధికరణము క్రింద హైకోర్టులో రిట్ వేయుటకు దారి గలదు. ప్రాథమిక హక్కునకు ప్రభుత్వము వలన భంగము కలిగినపుడు రిట్ విచారణలోనే ధన పరిహారము ఇప్పించవచ్చునని సుప్రీం కోర్టు 1983లో రుదల్ షా కేసునందును, 1993లో నీలబతీ బెహెరా కేసునందును నిర్ణయించినది. మా వద్ద సొమ్ము లేదు అను సంజాయిషీకి 1980లోనే రత్లాం పురపాలక సంఘము కేసులో జవాబు వచ్చినది. ప్రజారోగ్యమునకు సంబంధించిన చట్టబద్ధమైన విధిని నిర్వర్తించుటకు ధనాభావమును సాకుగా చెప్పరాదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో స్పష్టపరచినారు.

ఈ సూత్రములు కుక్క కాటు విషయమున ఎట్లు ఆచరణకు వచ్చినవో రెండు ఉదాహరణములు చెప్పుదుము. కేరళలో వీధికుక్కల బాధితుల అర్జీలను పరిశీలించుటకు 2016లో సుప్రీం కోర్టు విశ్రాంత న్యాయమూర్తి సిరిజగన్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించినది. బాధితుడు వకీళ్ల చుట్టును తిరుగనక్కరలేక కమిటీకి అర్జీ పెట్టుకొనుటకు ఇది వీలు కలిగించినది. రెండవ ఉదాహరణము పంజాబు, హర్యానా హైకోర్టు 2023లో ఇచ్చిన తీర్పు. అది పరిహారమునకు కొలమానమునే నిర్ణయించినది. ఒక్కొక్క పంటి గాటునకు కనీసము 10,000 రూపాయలు. కండ ఊడివచ్చినచో గాయములో ప్రతి 0.2 సెంటీమీటరునకు కనీసము 20,000 రూపాయలు. అనగా నాలుగు పండ్ల గాట్లకు 40,000 రూపాయలు, ఒక సెంటీమీటరు మేర కండ ఊడినచో లక్ష రూపాయలు. ముందుగా రాష్ట్రమే చెల్లించవలెననియు, తరువాత తప్పు చేసిన సంస్థ నుండి గాని, వ్యక్తి నుండి గాని రాబట్టుకొనవచ్చుననియు ఆ తీర్పు చెప్పినది. జిల్లా అధికారి అధ్యక్షతన కమిటీ ఏర్పడవలెననియు, అర్జీ అందిన నాలుగు మాసములలో తేల్చవలెననియు ఆదేశించినది. పండ్ల గాట్ల సంఖ్యను, గాయపు కొలతను చీటీపై వ్రాయించుడని మేము ఇంతకుమునుపు ఎందుకు చెప్పితిమో శ్రోతలకు ఇప్పుడు తెలిసియుండును.

ఆ తీర్పు పంజాబు, హర్యానా రాష్ట్రములకును, చండీగఢ్‌నకును చెందినది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ న్యాయస్థానములు దానికి కట్టుబడియుండవలసిన పని లేదు. అయినను దానిని ఆదర్శముగా చూపి వాదించుటకు మన బాధితులకు అడ్డు లేదు. 2025లో సుప్రీం కోర్టు ఈ సమస్యను తనంతట తాను చేపట్టినది. ఆగస్టు 22న, శస్త్రచికిత్సయు టీకాయు అయిన కుక్కలను తిరిగి అదే చోట వదలవలెననియు, రేబీస్ సోకినవానిని, దూకుడుగలవానిని వదలరాదనియు ఉత్తర్వు చేసినది. నవంబరు 7న, విద్యాలయములు, ఆసుపత్రులు, క్రీడాప్రాంగణములు, బస్సు స్టేషనులు, రైల్వే స్టేషనుల ఆవరణల నుండి వీధికుక్కలను తొలగించవలెననియు, వానిని మరల అక్కడనే విడువరాదనియు ఆదేశించినది.

అర్జీ ఎట్లు పెట్టవలెను? తెల్లకాగితముపై జరిగినది జరిగినట్లు వ్రాసి, చీటీల నకళ్లు జతచేసి, కమిషనరునకు గాని, పంచాయతీ కార్యదర్శికి గాని ఇచ్చి, రెండవ ప్రతిపై ముద్ర, సంతకము, తేదీ వేయించుకొనవలెను. ఒక ప్రతిని జిల్లా కలెక్టరునకు పంపవలెను. అసలు చీటీలను ఎవరికిని ఇచ్చివేయరాదు. ప్రభుత్వముపై సివిలు దావా వేయుటకు సాధారణముగా రెండు మాసముల ముందు నోటీసు ఇవ్వవలసియుండును. స్థానిక సంస్థల చట్టములలో వేరు నోటీసులు, కురుచ గడువులు ఉండవచ్చును. కావున ఆలస్యము తగదు. వకీలును పెట్టుకొను స్తోమత లేదని వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలో ఈ సంస్థ కార్యాలయము ఉండును. ఫోనులో 15100 అంకెకు పిలిచినను వివరములు తెలుపుదురు.

ఇంకొక మాట కూడ చెప్పవలసియున్నది. కోపము పట్టలేక కుక్కలకు విషము పెట్టుట, కర్రలతో చంపుట పరిహారము కాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారమును, భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షను ప్రకారమును అది నేరము. విషము పెట్టినవాడు ముద్దాయి యగును. విధి మరచిన సంస్థ తప్పించుకొనును. మూగజీవిపై కసి తీర్చుకొన్నంత మాత్రమున బిడ్డ గాయము మానదు, పోయిన కూలి తిరిగి రాదు.

పరిహారము ధర్మము కాదు, దయాభిక్ష కాదు. జాగ్రత్తగా ఉండవలసినవారు ఉండనందున కలిగిన నష్టమునకు అది చెల్లు. అడుగువారు లేనిచో అధికారుల లెక్కలలో కుక్క కాటు ఒక అంకెగానే మిగిలిపోవును. తేదీ, ముద్ర గల ఒక్కొక్క అర్జీ ఆ కార్యాలయమునకు తన విధిని జ్ఞాపకము చేయును. ఈ మాటలు విన్నవారు తమ వీధిలో చదువురాని పొరుగువారికి ఒక అర్జీ వ్రాసి పెట్టినను, ఒక పసివానిని వేళకు టీకాకు తీసికొనిపోయినను, ఈ ప్రసంగము వలన ప్రయోజనము కలిగినదని మేము సంతోషింతుము.